న్యూలండన్‌లో ఒక ఖాళీ స్థలం

అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళను ఏం చూశారని అడిగితే సాధారణంగా నాలుగు పేర్లు చెబుతారు. న్యూయార్కులో స్వేచ్ఛామూర్తి విగ్రహం, వాషింగ్టన్‌లో శ్వేతభవనం, నయాగరా జలపాతం, తీరికా డబ్బూ వుంటే గ్రాండ్ కాన్యన్. ఇవన్నీ చూడదగ్గవే. కాని ఆ దేశంలో మామూలు మనిషికీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం ఎలా వుంటుందో వీటిలో ఏదీ చెప్పదు. అది తెలియాలంటే చిన్న ఊళ్ళకు వెళ్ళాలి. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూలండన్ అలాంటి ఊరు. అక్కడ నది ఒడ్డున కొన్ని ఇళ్ళుండేవి. ఆ ఇళ్ళను నగరం తీసుకోవచ్చునా, కూడదా అనే విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెప్పింది. నేను 2016 అక్టోబరులో వెళ్ళేసరికి ఇళ్ళూ లేవు, వాటి బదులు వస్తాయన్నవీ లేవు. గడ్డి మాత్రం వుంది.

నన్ను తీసుకువెళ్ళినవాడు మా మేనల్లుడు రవి. హార్ట్‌ఫర్డ్‌లో వుంటాడు. ఆ ఊరు బీమా కంపెనీలకు ప్రసిద్ధి. వాటిలో కంప్యూటరు పనులు చేసే మన తెలుగువాళ్ళు చాలామందే వున్నారు. రవీ అందులో ఒకడు. అంతకు ముందు ఏడాదే బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నాడు. ఆదివారం న్యూలండన్ చూపించరా అంటే వింతగా చూశాడు.

“అక్కడ ఏముంది మావయ్యా? చూడాలంటే బోస్టన్ వెళదాం. రెండుగంటలు.”

“ఖాళీ స్థలం వుందిట. అది చూద్దాం.”

“ఖాళీ స్థలం చూడటానికి ఇంత దూరం వచ్చావా?” అని నవ్వాడు. కాని ఆదివారం ఉదయం కారు తీశాడు. అతని భార్య లక్ష్మి దారిలో తినడానికి పులిహోర కట్టి తనూ బయలుదేరింది.

గంట ప్రయాణం. అక్టోబరులో ఆ దేశపు ఈశాన్య భాగాన్ని చూడటం ఒక భాగ్యం. దారి పొడుగునా మేపుల్ చెట్ల ఆకులు కుంకుమ రంగుకూ పసుపుకూ తిరిగి వున్నాయి. కొన్ని చెట్లను చూస్తే పేరంటానికి సిద్ధమైన ముత్తయిదువలు గుర్తుకు వస్తారు.

న్యూలండన్ పక్కనే థేమ్స్ నది వుంది. లండన్ పేరు పెట్టుకొన్నాక నదికి కూడా ఆ పేరే పెట్టుకోవాలి గదా! అయితే ఇంగ్లీషువాళ్ళు ‘తెమ్స్’ అంటారు, ఈ ఊరివాళ్ళు రాసినట్టే ‘థేమ్స్’ అంటారు. నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. రేవు లోతైనది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడినుంచి తిమింగిలాల వేటకు ఓడలు వెళ్ళేవి. తిమింగిలపు కొవ్వునుంచి తీసిన నూనెతోనే ఆ రోజుల్లో దీపాలు వెలిగేవి. ఆ వ్యాపారంలో సంపాదించినవాళ్ళు గ్రీకు స్తంభాలతో కట్టుకొన్న నాలుగు తెల్లని ఇళ్ళు వరుసగా ఇప్పటికీ వున్నాయి. ఆ వరుసకు ‘వేల్ ఆయిల్ రో’ అని పేరు. కిరసనాయిలు రాగానే తిమింగిలాల వేటకు రోజులు చెల్లిపోయాయి. ఊరు మళ్ళీ ఆ వైభవం చూడలేదు.

అంతకు ముందే, 1781 సెప్టెంబరు 6న, ఈ ఊరిని బ్రిటిష్ సైన్యం తగలబెట్టింది. సైన్యాన్ని నడిపించినవాడు బెనెడిక్ట్ ఆర్నాల్డ్. అమెరికా పక్షాన సేనానిగా వుండి శత్రువుతో చేతులు కలిపినవాడు. అతను పుట్టింది ఇక్కడికి పదమూడు మైళ్ళ దూరంలోనే. ప్రసిద్ధ నాటకకర్త యూజీన్ ఓనీల్ బాల్యమూ ఈ ఊళ్ళోనే గడిచింది. రేవు దగ్గర పిల్లవాడుగా వున్న ఓనీల్ విగ్రహం బండమీద కూర్చుని నది వంక చూస్తూ వుంటుంది.

రైలు స్టేషను ఎర్ర ఇటుకల భవనం. హెచ్. హెచ్. రిచర్డ్‌సన్ అనే పేరుపొందిన వాస్తుశిల్పి దాన్ని రూపొందించాడు. న్యూయార్కు, బోస్టన్ మధ్య రైళ్ళు ఇక్కడ ఆగుతాయి. దాని పక్కనుంచే లాంగ్ ఐలండ్‌కు పడవలు పోతాయి. అవతలి ఒడ్డు గ్రాటన్. ఎలక్ట్రిక్ బోట్ కంపెనీ జలాంతర్గాములు కట్టే షెడ్లు అక్కడ కొండలంత ఎత్తున కనిపిస్తాయి. ప్రపంచంలో మొదటి అణు జలాంతర్గామి నాటిలస్ అక్కడే తయారై 1954లో నీళ్ళలోకి దిగింది. ఇప్పుడు మ్యూజియంగా వుంది.

ఊరు చిన్నది. జనాభా ముప్ఫై వేలలోపు. నేల విస్తీర్ణం ఆరు చదరపు మైళ్ళు కూడా లేదు. అందులో దాదాపు సగం ఆస్తికి పన్ను లేదు. కోస్ట్‌గార్డ్ అకాడమీ, కాలేజీలు, చర్చీలు, ఆసుపత్రి అలాంటివన్నీ మినహాయింపులో వుంటాయి. ఆ దేశంలో ఊళ్ళ బడులూ రోడ్లూ నడిచేది ముఖ్యంగా ఇంటిపన్ను మీద. పన్ను కట్టే నేల తక్కువైతే ఊరు ఎలా బతకాలి? ఈ కష్టాన్ని మొదటే చెప్పడం న్యాయం. ఎందుకంటే తరువాత జరిగినదంతా దుర్బుద్ధితో మొదలు కాలేదు.

ఊరికి దక్షిణంగా నదిలోకి చొచ్చుకొని వున్న భాగం ఫోర్టు ట్రంబుల్. 1839-1852 మధ్య కట్టిన నల్లరాతి కోట అక్కడ వుంది. కోట పక్కన నౌకాదళంవారి జలాంతర పరిశోధన కేంద్రం వుండేది. 1,500మందికి పైగా పనిచేసేవారు. 1996లో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని మూసివేసింది. 1998 నాటికి ఊళ్ళో నిరుద్యోగం రాష్ట్రపు సగటుకు దాదాపు రెట్టింపయింది. జనాభా 24 వేలకు దిగింది. 1920 తరువాత అంత తక్కువ ఎన్నడూ లేదు.

అప్పుడు ఫైజర్ అనే పెద్ద మందుల కంపెనీ ఫోర్టు ట్రంబుల్ పక్కన 30 కోట్ల డాలర్లతో పరిశోధనాలయం కడతానన్నది. 1998 ఫిబ్రవరిలో ఆ ప్రకటన వచ్చింది. దప్పికతో వున్నవాడికి కుండ కనిపించినట్టయింది. రాష్ట్రప్రభుత్వం బాండ్ల సొమ్ము మంజూరు చేసింది. న్యూలండన్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థకు పని అప్పగించారు. అది నగరం నియమించిన సంస్థే గాని, దాని పెద్దలను ఓటర్లు ఎన్నుకోలేదు.

సంస్థవారు 90 ఎకరాలకు ప్లాను గీయించారు. నది ఒడ్డున సమావేశాల హోటలు, పడవల రేవు, నడకదారి, 80 కొత్త ఇళ్ళు, కోస్ట్‌గార్డ్ మ్యూజియం, పరిశోధనలకు ఆఫీసులు. వెయ్యికి పైగా ఉద్యోగాలు వస్తాయని అంచనా. కాగితం మీద అంతా ముచ్చటగా వుంది. ఒక్కటే చిక్కు. ఆ 90 ఎకరాల్లో అప్పటికే మనుషులు కాపురాలున్నారు. సుమారు 115 ప్రైవేటు ఆస్తులు వున్నాయి.

చాలామంది అమ్ముకొని వెళ్ళారు. కొందరు ఇష్టపడి, కొందరు ఎందుకొచ్చిన గొడవ అని. తొమ్మిదిమంది మాత్రం అమ్మమన్నారు. వాళ్ళ చేతుల్లో 15 ఆస్తులున్నాయి. వాళ్ళలో విల్హెల్మినా డెరీ అనే వృద్ధురాలు 1918లో ఏ ఇంట్లో పుట్టిందో ఆ ఇంట్లోనే జీవితమంతా వుంది. పెళ్ళయాక భర్త కూడా ఆ ఇంటికే వచ్చి అరవయ్యేళ్ళు కాపురం చేశాడు. సుసెట్ కీలో అనే ఆవిడ 1997లో చిన్న చెక్క ఇల్లు కొనుక్కొంది. పాతబడిన ఇల్లు. తన చేతులతో బాగుచేసుకొని గులాబి రంగు వేయించింది. కిటికీ తెరిస్తే నది కనిపిస్తుంది. ఆమె నర్సు. జీవితంలో మొదటిసారి తనదంటూ ఒక ఇల్లు, నీళ్ళు కనిపించే కిటికీ అమరాయి. 2000 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందురోజు, ఇల్లు స్వాధీనం చేసుకొంటున్నామనే నోటీసు తలుపుకు అంటించి వుంది.

ఆ పండుగ వాళ్ళకు మన సంక్రాంతి లాంటిది. పిల్లలూ పెద్దలూ ఇల్లు చేరే రోజు.

ప్రభుత్వం ప్రజల భూమి తీసుకోవడం కొత్త సంగతి కాదు. రోడ్డు వెయ్యాలన్నా, రైలుమార్గం వెయ్యాలన్నా, ఆనకట్ట కట్టాలన్నా ఎవరి భూమో ఒకరిది పోక తప్పదు. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేరిన అయిదవ సవరణ దీనికి రెండు షరతులు పెట్టింది. తీసుకొన్నది ప్రజోపయోగానికై వుండాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. రోడ్డు మీద అందరూ నడుస్తారు కనుక అది ప్రజోపయోగం. కాని ఒకరి ఇల్లు తీసి ఇంకొక ప్రైవేటు వ్యాపారికి ఇస్తే, అతను ఎక్కువ పన్ను కడతాడు కనుక అది కూడా ప్రజోపయోగమే అనవచ్చునా? న్యూలండన్ కేసులో ప్రశ్న ఇదే. ఒక కట్టడాల కంపెనీకి ఆ స్థలంలో కొంత భాగం ఏడాదికి ఒక డాలరు చొప్పున 99 ఏళ్ళ లీజుకు ఇవ్వడానికి సంప్రదింపులు కూడా జరిగాయి.

మరొక ముచ్చట. ఆ పేటలోనే ఇటాలియన్ డ్రమాటిక్ క్లబ్ అనేది వుంది. రాజకీయాల్లో పలుకుబడి వున్నవారు వచ్చిపోయే క్లబ్బు. ప్లానులో దాన్ని కూల్చలేదు. నర్సు ఇల్లు అభివృద్ధికి అడ్డం వచ్చింది, క్లబ్బు రాలేదు.

కీలో, ఆమె పొరుగువాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే సంస్థ వకీళ్ళు ఫీజు లేకుండా వాదించారు. కింది కోర్టు కొంతవరకు వీళ్ళ పక్షం చెప్పింది. కనెక్టికట్ సుప్రీంకోర్టు 2004 మార్చిలో నలుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి నగరం పక్షం చెప్పింది. కేసు వాషింగ్టన్ చేరింది.

2005 ఫిబ్రవరిలో వాదనలు జరిగినప్పుడు జస్టిస్ సాండ్రా డే ఓకానర్ నగరం వకీలును ఒక ప్రశ్న అడిగారు. ఒకచోట చవుక హోటలు వుంది. దాన్ని తీసి ఖరీదైన హోటలు పెడితే పన్ను ఎక్కువ వస్తుంది. అలా చెయ్యవచ్చునా అని. వకీలు చెయ్యవచ్చు అన్నాడు. మనవైపు మాటల్లో చెప్పాలంటే, కాకాహోటలు పీకేసి అయిదు నక్షత్రాల హోటలువాడికి స్థలం ఇచ్చెయ్యవచ్చునన్నమాట.

2005 జూన్ 23న తీర్పు వచ్చింది. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు నగరం వైపు. జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ తీర్పు రాశారు. ఊరు బాగుపడటానికి ప్రజాప్రతినిధులు ఆలోచించి వేసుకొన్న ప్లానును కోర్టు తప్పుపట్టరాదని ఆయన తర్కం. దీనికి 1954 నాటి తీర్పు ఒకటి ఆధారం. వాషింగ్టన్ నగరంలో మురికివాడలు తొలగించే పథకాన్ని ఆ తీర్పు సమర్థించింది. అయితే ఫోర్టు ట్రంబుల్ ఇళ్ళు మురికివాడలని ఎవరూ అనలేదు. పాడుబడ్డాయనీ అనలేదు. తీర్పులోనే ఆ సంగతి రాసివుంది. వాటి నేరమల్లా ప్లాను గీసిన చోట వుండటమే.

ఓకానర్ భిన్నాభిప్రాయం రాశారు. ఈ లెక్కన ఎవరి ఇంటికీ భద్రత వుండదనీ, లాభం పొందేవారు పలుకుబడి వున్నవారే అవుతారనీ హెచ్చరించారు. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్టు, జస్టిస్ స్కలీయా, జస్టిస్ థామస్ ఆమెతో ఏకీభవించారు. థామస్ విడిగా కూడా రాశారు. పట్టణాలు బాగుచేసే పేరుతో లోగడ ఇళ్ళు పోగొట్టుకొన్నవారిలో బీదలూ నల్లవారూ ఎక్కువని గుర్తుచేశారు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. అమెరికాలో బీదల పక్షం అని పేరున్న లిబరల్ జడ్జీలు నగరంతో, కంపెనీతో నిలబడ్డారు. ధనికుల పక్షమని విమర్శకు గురి అయ్యే కన్సర్వేటివ్ జడ్జీలు నర్సు ఇంటి పక్షాన నిలబడ్డారు. కన్సర్వేటివుల ముఖ్యసూత్రం ఒకటి వుంది. ప్రభుత్వానికి ఎంత మంచి ఉద్దేశమున్నా దాని చేతికి హద్దు వుండాలి, లేకపోతే ఆ చెయ్యి చివరకు చిన్నవాడి ఇంటిమీదనే పడుతుంది అని. ఈ సూత్రం అన్ని విషయాల్లోనూ సరిపోతుందని నేను చెప్పను. న్యూలండన్‌లో మాత్రం అక్షరాలా సరిపోయింది. అలా అని రిపబ్లికన్ పార్టీవారి చేతులు శుభ్రమనీ కాదు. ఈ పథకానికి వెన్నుదన్నుగా నిలిచిన గవర్నరు జాన్ రోలండ్ రిపబ్లికనే. వేరే అవినీతి వ్యవహారంలో 2004లో రాజీనామా చేసి, మరుసటి ఏడు జైలుకు వెళ్ళాడు. అధికారానికి హద్దు లేకపోతే ఏ పార్టీ అయినా ఒకటే.

ఇదంతా కారులోనే చెప్పాను. రవి వెంటనే ఒప్పుకోలేదు.

“మావయ్యా, నువ్వు ఒకవైపే చూస్తున్నావు. ఊళ్ళో వేలమందికి పని లేదు. తొమ్మిదిమంది కదలకపోతే అందరూ అలా వుండిపోవలసిందేనా? ఊరికే తీసుకోలేదు గదా, డబ్బు ఇస్తామన్నారు.”

“డబ్బు ఇస్తే ఇష్టం లేకపోయినా ఇచ్చెయ్యాలా?”

“రోడ్డుకయితే ఇవ్వాలి గదా?”

“రోడ్డుకయితే ఇవ్వాలి. ఇచ్చాక ఆవిడా ఆ రోడ్డు మీద నడుస్తుంది. హోటలు కట్టాక ఆవిణ్ణి గదిలోకి రానిస్తారా?”

వెనక సీటులోంచి లక్ష్మి అన్నది: “మా ఇంటి పక్క స్థలంలో షాపింగు మాల్ వస్తుందని అంటున్నారు బాబాయిగారూ. పన్ను ఎక్కువ కట్టేవాళ్ళదే ఇల్లు అనేటట్టయితే మాకంటే వాళ్ళే ఎక్కువ కడతారు. ముప్ఫై ఏళ్ళ అప్పు మేం దేనికి తీర్చాలి?”

రవి కాసేపు మాట్లాడలేదు.

తీర్పు వచ్చినప్పుడు అమెరికా ప్రజలూ ఇలాగే ఉలిక్కిపడ్డారు. మామూలుగా ఏ విషయంలోనూ కలవనివాళ్ళు ఈ విషయంలో కలిశారు. నల్లవారి హక్కుల కోసం పనిచేసే ఎన్.ఎ.ఎ.సి.పి. కూడా కీలో పక్షానే కోర్టులో అభిప్రాయం దాఖలు చేసింది. ప్రతినిధుల సభ వారం తిరక్కుండానే 365-33 వోట్లతో తీర్పును గర్హించింది. సరిగ్గా ఏడాదికి, 2006 జూన్ 23న, అధ్యక్షుడు బుష్ ఫెడరల్ శాఖలు ఇలాంటి పని చెయ్యరాదని ఉత్తర్వు జారీ చేశాడు. 40కి పైగా రాష్ట్రాలు తమ చట్టాలు మార్చుకొన్నాయి. వాటిలో కొన్ని గట్టివి, కొన్ని పేరుకే. మిషిగన్‌లో అయితే తీర్పుకు ముందే, 2004లో, ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు తన పాత తీర్పును తానే రద్దుచేసుకొన్నది. ఆ పాత తీర్పు 1981 నాటిది. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ కోసం డిట్రాయిట్‌లో పోల్‌టౌన్ అనే పేట మొత్తాన్ని, చర్చీలతో సహా, నేలమట్టం చెయ్యడానికి అది అనుమతి ఇచ్చింది.

హాస్యం కూడా జరిగింది. నగరం వైపు మొగ్గిన జడ్జీల్లో డేవిడ్ సూటర్ ఒకరు. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో వీర్ అనే పల్లెలో ఆయనకు పాత ఇల్లు వుండేది. ఆ ఇంటిని స్వాధీనం చేసుకొని హోటలు కడితే ఊరికి పన్ను బాగా వస్తుందని కొందరు నిజంగానే ప్రతిపాదన తెచ్చారు. 2006లో ఊరివాళ్ళు వోటు వేసి కాదన్నారు. జడ్జిగారి ఇల్లు నిలిచింది. తీర్పు మీద కోపమున్నా పొరుగువాడి ఇంటి జోలికి పోని ఆ పల్లెటూరివాళ్ళను మెచ్చుకోవాలి. సుప్రీంకోర్టు గీయని గీతను వాళ్ళు గీశారు.

తీర్పు రాసిన స్టీవెన్స్ కూడా రెండు నెలలకే ఒక సభలో, తాను శాసనసభ్యుడై వుంటే ఇలాంటి పథకాన్ని వ్యతిరేకించేవాణ్ణి అన్నారు. ఆయన చట్టాన్ని అలా చదివారు. అంతే.

ఫోర్టు ట్రంబుల్ చేరేసరికి మధ్యాహ్నం. కోట చుట్టూ పార్కు, చేపలు పట్టేవాళ్ళకోసం వంతెనలాంటి కట్ట. ఎదురుగా గ్రాటన్, దాని మీద 1781 యుద్ధంలో పోయినవారి స్మారకస్తంభం. పార్కునుంచి బయటికి వస్తే రోడ్లున్నాయి, దీపస్తంభాలున్నాయి, పక్కదారులున్నాయి. ఇళ్ళు మాత్రం లేవు. పెళ్ళివారు రాని పందిరిలాగా వుంది. నడుములెత్తు గడ్డి, అందులో ముళ్ళపొదలు. పొదల్లోంచి ఒక పిల్లి మమ్మల్ని చూసి లోపలికి పోయింది. ఇళ్ళు పోయాక ఇక్కడ కాపురం పెట్టినవి ఊరపిల్లులే. 2011లో ఐరీన్ తుఫాను వచ్చినప్పుడు నగరంవారు ఊళ్ళో విరిగిన చెట్లూ కొమ్మలూ తెచ్చి ఇక్కడే పోయించారు.

కట్ట మీద గాలం వేసుకొని కూర్చున్న ఒక ముసలాయనను లక్ష్మి అడిగింది, గులాబిరంగు ఇల్లు ఎక్కడుండేదని. ఆయన గాలం వదలకుండా గడ్డంతో గడ్డివైపు చూపించి, “నది బాగా కనిపించే చోటు” అన్నాడు.

ఎందుకిలా అయింది? కారణాలు పెద్ద రహస్యం కావు. కేసు నడిచినన్నాళ్ళూ పని సాగలేదు. తీర్పు వచ్చాక 2006లో చివరి కుటుంబాలతో రాజీ కుదిరి ఇళ్ళు ఖాళీ అయ్యాయి. విల్హెల్మినా డెరీ ఆ ఏడే చనిపోయింది. పుట్టిన ఇల్లు కూలడం చూడలేదు. స్థలం చదునయ్యేసరికి 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది. కట్టడాల కంపెనీకి అప్పు పుట్టలేదు. 2009లో ఫైజర్ ఇంకో మందుల కంపెనీని కొని, ఖర్చులు తగ్గించుకోవడంలో భాగంగా, న్యూలండన్ వదిలి తన ఉద్యోగులను నది అవతల గ్రాటన్‌కు మారుస్తున్నానని ఆ నవంబరులో ప్రకటించింది. సుమారు 1,400 ఉద్యోగాలు. వాళ్ళకు పదేళ్ళపాటు ఆస్తిపన్నులో అయిదో వంతు కడితే చాలునని రాయితీ వుండేది. ఆ గడువు తీరవస్తున్న సమయంలోనే వెళ్ళిపోయారు. ప్రజల సొమ్ము 7 కోట్ల డాలర్లకు పైగా ఆ పథకం మీద ఖర్చయింది.

కంపెనీని నిందించి లాభం లేదు. లాభం వున్నచోటికి పోవడం వ్యాపారి ధర్మం. రేపు కంపెనీ ఎక్కడుంటుందో, ఎల్లుండి బ్యాంకులు అప్పు ఇస్తాయో లేదో ప్లాను గీసినవారికి తెలియదు, ఎవరికీ తెలియదు. సొంత డబ్బుతో వ్యాపారం చేసేవాడు తెలియని రేపటి కోసం తన ఇల్లు తాకట్టు పెట్టుకొంటాడు, నష్టం వస్తే తను పడతాడు. ఇక్కడ తెలియని రేపటి కోసం తాకట్టు పడింది కీలో ఇల్లు, డెరీ ఇల్లు. నష్టం వచ్చాక ప్లాను గీసినవారిలో ఎవరి ఇల్లూ పోలేదు. ప్రభుత్వ పథకాలు తప్పటడుగు వేసే చోటు సాధారణంగా ఇదే. ఉద్దేశం మంచిదే వుంటుంది, లెక్కలూ వుంటాయి. లెక్క తప్పితే చెల్లించేవాడు వేరే వుంటాడు.

ఫైజర్ వదిలిన భవనాన్ని 2010లో ఎలక్ట్రిక్ బోట్ కొనుక్కొంది. ఇప్పుడు అందులో వేలమంది ఇంజనీర్లు జలాంతర్గాముల నమూనాలు గీస్తున్నారు. అది బేరం కుదిరి చేతులు మారిన ఆస్తి. ఎవరినీ వెళ్ళగొట్టవలసిన పని లేకపోయింది.

మనకు ఈ కథ పూర్తిగా పరాయిది కాదు. మన దేశంలో 1894 నాటి భూసేకరణ చట్టం నూటికి పైగా ఏళ్ళు నడిచింది. అందులోనూ ‘ప్రజాప్రయోజనం’ అనే మాట వుంది, అదీ ఎంత లాగితే అంత సాగింది. 2013లో వచ్చిన కొత్త చట్టం, ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే నూటికి 80మంది, ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసిన పథకమయితే 70మంది బాధితుల ముందస్తు అంగీకారం వుండాలన్నది. అది చదివినప్పుడు నాకు న్యూలండన్ గుర్తుకు వచ్చింది. అక్కడ నర్సును ఎవరూ అలా అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ళో ఫ్రాంక్లిన్ వీధి మీదుగా కారు పోనిమ్మన్నాను. గులాబిరంగు ఇల్లు కూలిపోలేదు. ఒక అభిమాని దాన్ని ఒక డాలరుకు కొని, విడదీసి, 2008లో ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టాడు. రంగు అదే. చిన్న ఇల్లు, చక్కగా వుంది. కాని అక్కడినుంచి నది కనిపించదు. కీలో అప్పటికే నది అవతలి వైపు వేరే ఇల్లు చూసుకొని వెళ్ళిపోయింది. ఆమె కథ మీద 2009లో పుస్తకం వచ్చింది, 2017లో సినిమా కూడా వచ్చింది.

నేను చూసిన తరువాత ఇటీవలి సంవత్సరాల్లో ఫోర్టు ట్రంబుల్‌లో నిర్మాణాలు ప్రారంభమయ్యాయి. అపార్టుమెంట్లు, నగరంవారి వినోదకేంద్రం వంటివి. సంతోషమే. ఊరు బాగుపడాలనే ఎవరైనా కోరుకొంటారు. కాని ఇళ్ళు కూల్చి పదిహేనేళ్ళు గడిచాక ఇల్లు కట్టడం మొదలుపెడితే, మొదట కూల్చడం దేనికని విల్హెల్మినా డెరీ బంధువులు అడిగితే జవాబు చెప్పేవారు ఎవరు?

2005 నాటి తీర్పు నేటికీ రద్దు కాలేదు. సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ విచారణకు తీసుకోలేదు. రాష్ట్రాల చట్టాలు అడ్డం వున్నచోట ఇళ్ళు క్షేమం, లేనిచోట ఊరి పెద్దల దయ. హార్ట్‌ఫర్డ్ చేరాక ఆ రాత్రి రవి తన ఇంటి దస్తావేజులు బయటికి తీసి, కనెక్టికట్ చట్టం ఏమంటుందో కంప్యూటరులో చాలాసేపు చదివాడు. లక్ష్మి పక్కన కూర్చుని అర్థం కానిచోటల్లా అడుగుతూనే వుంది.